నూకయ్య చూపించిన కోట

తన కోటను మించింది లోకంలోనే లేదని కీర్తిసేన మహారాజుకు గట్టి నమ్మకం. అలాంటివాడు ఏటి ఎగువనున్న లంకలూ, పాత కోటలూ చూద్దామని పల్లకీలో ఎగువ రేవుకు వెళ్లి నూకయ్య అనే పడవవాడి పడవ ఎక్కాడు. నాలుగు రోజుల ప్రయాణం.

కొంగలు వాలి తెల్లబడిన లంకను నూకయ్య చూపించాడు. నీళ్లలోకి మెట్లు దిగిన నల్లరాతి కోటను చూపించాడు. ఎన్నిసార్లు చూసినా అతనికే ఒళ్లు పులకరించే చోట్లవి. రాజు మాత్రం తల కూడా పూర్తిగా తిప్పలేదు.

"మా కోట ముందు ఇవెంత! రేపటిలోగా దాన్ని మించింది చూపించకపోతే నీ పడవ లాక్కుంటాను" అన్నాడు మూడోనాడు.

నూకయ్యకు ఆ పడవే బతుకు. అయినా "చిత్తం" అని పడవను దిగువకు వదిలాడు.

మర్నాడు తెల్లవారుతుండగా పడవ ఏటి మలుపు తిరిగింది. మంచులోంచి ఎర్రటి కోట ఒకటి పైకి లేచింది. తొలి ఎండకు గోడలు మెరిసి, కింద నీళ్లలో రెండో కోట వెలిగింది. బురుజుల్లోంచి వేల చిలకలు ఒక్కసారిగా ఎగిరాయి. రాజు లేచి నిలబడి, తెలియకుండానే చేతులు జోడించాడు.

"అబ్బ! దీని ముందు మా కోటెంత! ఎవరిది నూకయ్యా?"

"తమరిదే ప్రభూ. ఇది చాకిరేవు వైపు. తమరెప్పుడూ తెరలు దించిన పల్లకీలో పడమటి వాకిలి గుండానే వస్తారు, పోతారు. ఇటునుంచి రోజూ మేమే చూస్తాం."

రాజు మెల్లగా కూర్చున్నాడు.

"పడవ వెనక్కి తిప్పు. ఆ లంకలు మళ్లీ చూపించు నూకయ్యా. ఈసారి చూస్తాను."