మస్తానమ్మ రోకలి తడబడింది ఎందుకని?

అనగనగా ఒక ఊళ్ళో, బుజ్జమ్మా, వీధిలోకి అడుగు పెడితే చాలు హాచ్, హాచ్ మని తుమ్ములొచ్చేవి. మరి ఊరంతా కారం కొట్టేవాళ్ళే!

వాళ్ళలో మస్తానమ్మా, రత్తాలూ జోడీ. ఇద్దరిదీ ఒకటే రోలు, చెరో రోకలి. ఒకరిది దిగితే ఒకరిది లేవాలి. ధన్, ధన్, ధన్! ఏమాత్రం వరస తప్పినా రోకళ్ళు గుద్దుకుంటాయి.

ఒకసారి మస్తానమ్మకి దగ్గు పట్టుకుంది. ఆ తర్వాత కుడిచెయ్యి లాగడం మొదలుపెట్టింది. మెడ దగ్గర పుట్టి వేళ్ళ కొసల దాకా జివ్వుమనేది. అసలే ఆవకాయల రోజులు. ఈ చెయ్యి పడిపోతే నేనేం కాను అని ఆమెకి ఒకటే బెంగ.

"ఘాటుకి దగ్గు, రోకలి బరువుకి నొప్పి. ఈ ఊళ్ళో ఎవరికి లేవు?" అన్నాడు మొగుడు సాంబయ్య. ఆముదం కాచి రుద్దాడు. తగ్గలేదు. అప్పుడు అత్తగారు ఉప్పుమూటతో కాపడం పెట్టింది. తగ్గలేదు. ఆ తర్వాత పక్కింటి పిచ్చమ్మ తాయెత్తు కట్టింది. తాయెత్తు అందంగానే ఉంది గానీ, నొప్పి మాత్రం కదల్లేదు!

నెల గడిచింది. ఒకనాడు మస్తానమ్మ ఖళ్ళున దగ్గింది. వేళ్ళు మొద్దుబారి రోకలి జారిపోయింది. కాలి పక్కనే ధబ్బున పడింది. పాపం, బావురుమంది.

రత్తాలు తన రోకలి పక్కన పెట్టింది. "వదినా, నీ పోటు వరస నాకు కంఠతా వచ్చు. రోకలి ఎత్తినప్పుడు నీ చెయ్యి బానే ఉంటంది. దగ్గినప్పుడే తడబడతంది. ఇది పని నొప్పి కాదు. పద ఆసుపత్రికి!"

అక్కడ డాక్టరమ్మ మస్తానమ్మ మెడ వంచి చూసింది, చేతి పట్టు చూసింది, దగ్గు సంగతీ వదలకుండా ఛాతీకి ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి.

"మెడలోంచి చేతికొచ్చే నరం నలిగిందమ్మా. దగ్గినప్పుడల్లా దానిమీద ఒత్తిడి పడుతోంది. చెయ్యినొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, దగ్గితే ఎక్కువవుతున్నా మాకు చూపించుకోవాలి. వేళ్ళు మొద్దుబారినా, పట్టు తప్పినా అసలు ఆగకూడదు. ఛాతీనొప్పో, ఆయాసమో, కళ్ళెలో రక్తమో కనిపిస్తే అప్పటికప్పుడే పరుగెత్తుకు రావాలి. నెల రోజులూ ఏం చేశావు?"

"తాయెత్తు కట్టుకున్నానమ్మా," అంది మస్తానమ్మ చిన్నగా. డాక్టరమ్మకి కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ తర్వాత మందులు, మెడకి వ్యాయామాలు, రోకలికి సెలవు. మొదట దగ్గు పోయింది, తర్వాత తిమ్మిరి పోయింది, చివరికి నొప్పీ పోయింది.

అప్పుడు మస్తానమ్మ ఏం చేసిందో తెలుసా? వేడన్నంలో కొత్తావకాయా, నెయ్యీ వేసి, ఆ కుడిచేత్తోనే కలిపి, మొదటి ముద్ద రత్తాలు నోట్లో పెట్టింది. రత్తాలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కారంలోనే పుట్టి పెరిగిన మనిషి, ఆవకాయ ఘాటుగా ఉందని బుకాయించింది!

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కంటిని తట్టింది!