పట్టి ఉంచేది

ఒక రాజు నదికి తలుపు కట్టించాడు.

నది కోట గోడను ఒరుసుకుంటూ వచ్చి, దిగువన ఉన్న ఊరి మీదుగా పోయేది. వానాకాలం వస్తే ఊళ్లో సగం ఇళ్లు కొట్టుకుపోయేవి. రాజు దూరదేశం నుంచి ఒక శిల్పిని పిలిపించాడు. తన పనితనం గురించి ఎవరి ముందూ తల దించుకుని మాట్లాడే మనిషి కాదామె. “నదిని ఆపగలవా?” అని రాజు అడిగితే, “ఆపుతాను. అయితే నా పద్ధతిలోనే” అంది.

ఏళ్లు పట్టింది. టేకు దూలాలకు ఇనప పట్టీలు బిగించి, నదికి అడ్డంగా ఆ తలుపు నిలబెట్టింది. దాన్ని పైకెత్తే గొలుసు ఒకటి కోట బురుజు మీది చక్రానికి చుట్టుకుంది. ఇంకో గొలుసు దిగువ ఊళ్లోని మరో చక్రానికి పోయింది. రెండూ కలిసి తిరగాలని ఆమె చెప్పింది. రాజు విన్నాడు గానీ పట్టించుకోలేదు. ఊరివాళ్ల ముచ్చట కోసం పెట్టిన అలంకారం అనుకున్నాడు.

తలుపు నిలబడిన రోజు దానికి పేరు పెట్టమని రాజు కొలువులోని పండితుణ్ణి అడిగాడు.

“యంత్రం అందాం ప్రభూ” అన్నాడు పండితుడు.

రాజు ముఖం చిన్నబోయింది. “చెరుకు గానుగనీ యంత్రమే అంటారు. పూజగదిలో గీతలు గీసిన రాగిరేకునీ యంత్రమే అంటారు. నా కట్టడానికీ అదే మాటా?”

“ఆ మాటే సరిపోతుంది” అంది శిల్పి.

అర్థమేమిటని రాజు అడగలేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ఏడు వాన ఎవరూ ఎరగనంత పడింది. తలుపు నదిని ఆపింది. ఆగిన నీళ్లు వెనక్కి ఎగదన్ని కోట గోడ ఎక్కసాగాయి. రాజుగారి తోట మునిగింది. అంతఃపురం మెట్ల దాకా నీళ్లొచ్చాయి.

“తలుపు ఎత్తండి” అన్నాడు రాజు.

“ఇప్పుడెత్తితే ఊరు మునుగుతుంది ప్రభూ” అన్నాడు పండితుడు.

“ఎత్తమన్నాను!”

భటులు చక్రం పట్టారు. అది కదల్లేదు. రాజే వచ్చి భుజం ఆనించి తోశాడు. అయినా కదల్లేదు. రాజు శిల్పి వైపు తిరిగాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“ఏం చేశావు?”

“మీరడిగిందే చేశాను. కింది చక్రం తిరిగితేనే ఇది తిరుగుతుంది.”

“నా యంత్రానికి ఊరివాళ్ల అనుమతి కావాలా? నీ తల తీయించగలను, తెలుసా?”

“తీయించండి. చక్రం మాత్రం తిరగదు.”

భటుల్లో ఎవరూ కదల్లేదు. అప్పుడు పండితుడు ముందుకొచ్చాడు.

“ప్రభూ, ఆ రోజు మీరు అడగలేదు. యంత్రమంటే పట్టి ఉంచేది. ‘యమ్’ అన్న ధాతువు నుంచి పుట్టింది. గుర్రాల పగ్గం పట్టేవాణ్ణి యంత అంటాం. నియమం, సంయమనం అన్నీ ఆ ఇంటి పిల్లలే. రాగిరేకు మీది గీతలు దేవతను పట్టి ఉంచుతాయని నమ్ముతాం. ఇది నదిని పట్టి ఉంచుతోంది.”

“నదినేనా?” అన్నాడు రాజు.

పండితుడు రాజు తోసినా కదలని చక్రం వంక చూశాడు.

రాజు నీళ్ల వంక చూశాడు. తర్వాత ఊరికి మనిషిని పంపాడు. ఈసారి ఆజ్ఞ పంపలేదు, ఎప్పుడు ఎత్తమంటారో అడగమన్నాడు. దిగువ చక్రం దగ్గర పడవ నడిపే ముసలమ్మ కాపలా ఉంది. “పిల్లల్నీ గొడ్లనీ గట్టెక్కించుకోనివ్వండి. డప్పు కొడతాం. అప్పుడు ఎత్తుదాం” అని కబురంపింది.

రాజు చక్రం వదలకుండా నిలబడ్డాడు. అంతఃపురంలోకి నీళ్లొచ్చాయని చెప్పారు. తూర్పు గోడ కూలిందని చెప్పారు. అతను కదల్లేదు. చివరికి దిగువనుంచి డప్పు వినబడింది. చేతుల్లోని గొలుసు చిన్నగా లాగింది. ఎక్కడో, కనబడని చేతులు అవతలి కొస పట్టుకున్నాయి. రాజు తన బలమంతా పెట్టి తిప్పాడు. తలుపు జానెడు లేచింది.

ఇళ్లు కొన్ని పోయాయి, కోట గోడా పోయింది. మనుషులెవరూ పోలేదు.

ఆ మరుసటి ఏడు పొరుగు రాజు దూతను పంపాడు. దూత తలుపు చూశాడు, గొలుసులు చూశాడు, రెండు చక్రాలూ చూశాడు. కొలువులో నిలబడి అన్నాడు: “మా ప్రభువుకూ ఇలాంటి యంత్రం కావాలి. అయితే కింది చక్రం అక్కర్లేదు. కోటలో ఉన్నది చాలు.”

శిల్పి నోరు తెరవబోయింది. రాజు చెయ్యెత్తి ఆపి, సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. గొలుసు ఒరుసుకుపోయిన మచ్చలు అతని అరచేతుల్లో ఇంకా ఉన్నాయి.

“కట్టుకోమనండి” అన్నాడు. “కానీ దానికి వేరే పేరు వెతుక్కోమనండి.”