రేవు గోడకు రాళ్ళు మోసినవాడు

"స్వామీ, ఎక్కడో దూరదేశాల్లో పొగలు వదులుతారు. ఎవరి సరుకుల కోసమో ఓడలు తిరుగుతాయి. సముద్రంలో కొట్టుకుపోయేవి మాత్రం ఇక్కడి గుడిసెలు. ఈ పాపం ఎవరిది?" అని శిష్యుడు సాంబమూర్తి అడిగాడు.

అచలబోధ స్వామి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఉత్తరీయం భుజాన వేసుకుని లేచారు. ఆశ్రమానికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న జాలరిపేటకు శిష్యుణ్ణి వెంటబెట్టుకుని నడిచారు.

పేట చివరి శ్మశానంలో సగమే మిగిలింది. తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం కొంత కోసుకుపోతోంది. ఆ అంచున మసేను అనే ముసలి జాలరి ఒక్కడే పారతో తవ్వుతున్నాడు. పదకొండేళ్ళ కిందట పోయిన భార్య ఎర్రమ్మను అక్కడే పూడ్చాడు. పక్కనున్న తన తల్లి సమాధి మొన్నటి పోటుకు పోయింది. భార్య ఎముకలనైనా మెరకకు చేర్చాలని అతని తాపత్రయం. గట్టున కొత్త పంచె పరిచి ఉంది.

సాంబమూర్తి గోతి దగ్గరికి వెళ్ళాడు. "ఎవరో చేసినదానికి నీకీ గతి పట్టింది తాతా" అన్నాడు.

మసేను పార ఆపాడు. "ఎవురో కాదు బాబూ. అదిగో, ఆ రేవు గోడ. పెద్ద ఓడలు ఆగడానికి కట్టారు. అది కట్టాక ఇటేపు ఇసక రావడం మానేసింది, ఒడ్డు కోసుకుపోతంది. ఆ గోడకి రాళ్ళు మోసినోణ్ణి నానే. మూడేళ్ళు మోసాను."

"ఎందుకు మోశావు?"

"ఏటకెళ్తే వలలో చేపుండాలి కదా? పెద్ద బోట్లోళ్ళు ముందే ఊడ్చుకుపోయేవోరు. నీళ్ళు కూడా మునపట్లా లేవు, వేడెక్కిపోనాయి. మా ఎర్రమ్మకి ఆయాసం. ఆ కూలితో మందులు కొంటే రెండేళ్ళు ఎక్కువ బతికింది." గట్టున పరిచిన పంచె మీది ఇసుక దులిపాడు. "మొయ్యకపోతే అది అప్పుడే పోయుండేది. మోసినందుకు ఇప్పుడు దాన్ని నా చేత్తోనే తవ్వతన్నాను."

స్వామి పార అందుకున్నారు. మసేను వద్దంటున్నా వినలేదు.

పొద్దు వాలేవేళకు పంచెలో చేరినవి కొన్ని ఎముకలు, ఒక వెండి మెట్టె. రెండో మెట్టె కోసం మసేను వేళ్ళతో ఇసుక గాలిస్తుండగానే పెద్ద కెరటం వచ్చి గోతిని నింపేసింది. అతను పంచె మూటగట్టి, రెండు చేతులా గుండెలకు హత్తుకుని మెరక మీది సరుగుడు తోపు వైపు నడిచాడు.

తిరుగుదారిలో, దూరంగా రేవులో ఓడ ఒకటి నిలిచి కనిపించింది. సాంబమూర్తి ఉండబట్టలేక మళ్ళీ అడిగాడు: "తప్పు ఆ ముసలాయనదంటారా స్వామీ, ఓడలవాళ్ళదంటారా?"

అచలబోధులు నడక ఆపలేదు.

"మన వంటశాలలో నూనె ఏ దేశం నుంచి బయలుదేరి ఏ రేవులో దిగిందో, ముందు అది కనుక్కో నాయనా" అన్నారు.