దివాన్‌గారి నల్ల హుకుం

కొండవాగు కచేరీలో ఒక గది నుంచి ఇంకో గదికి కబుర్లు తెల్లగుడ్డ మీద సిరాతో రాసి పంపుకునేవారు. ఆ తెలుపు తన కళ్లకి మంట పుట్టిస్తోందని దివాన్ భైరవరాజు హుకుం వేశాడు.

"రేపటి నుంచి అందరూ నల్లగుడ్డ మీద సుద్దతోనే రాయాలి. కచేరీలో తెల్లనిది ఏది కనబడినా నల్లరంగు పూయాలి!"

మర్నాడు ముసలి గుమాస్తా సర్వయ్యకి నల్లగుడ్డ మీద ఒక్క అక్షరమూ ఆనలేదు.

"చదవలేనివాడికి కొలువెందుకు? ఇంటికి పో" అన్నాడు దివాన్.

కచేరీలో గుడ్డలకి నల్లరంగు పూస్తున్న నూకాలు అది విన్నది. కుంచె రంగులో ముంచి, తిన్నగా వెళ్లి దివాన్ గడ్డం పట్టుకుంది. ఒక గుమాస్తా చేతిలో సుద్దముక్క జారి విరిగింది.

"ఏమిటే ఇది!" దివాన్ ఎగిరిపడ్డాడు.

"తమరి మీసం తెల్లగా ఉంది బాబయ్యా. హుకుం తమరిదే."

"ఈ కొలువులో నెరిసిన మీసమే ఇది!"

"సర్వయ్యగారి కళ్లూ ఈ కొలువులోనే మసకబారాయి బాబయ్యా. మీసాన్ని వదిలెయ్యమంటే ఆ కళ్లనీ వదిలెయ్యాలి."

దివాన్ రెండు చేతులూ మీసానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరి కళ్లకి ఏది ఆనితే దాని మీదే రాసుకోండయ్యా! ముందు ఆ కుంచె అవతల పెట్టవే!"