జగ్గరాజుగారి కరెంటు కారు

కరెంటు కార్లు పల్లెలకి కొత్తగా వస్తున్న కాలంలో, జగ్గరాజుగారనే పెద్దమనిషి తన పాత కరెంటు కారు అమ్మకానికి పెట్టారు. పూలమ్మే మంగతాయి చూడ్డానికి వెళ్ళింది. పూలబుట్టలు మోసి మోసి ఆమెకి మెడ నొప్పి పట్టుకుంది. అలాగని తోవలో ఆగిపోయే బండి కొంటే పూలూ వాడతాయి, దాచుకున్న డబ్బూ పోతుంది.

ఆమె కారు చుట్టూ తిరిగింది. తలుపు తీసి, సీటు నొక్కి చూసింది.

"బ్యాటరీ ఎలా ఉందండి?"

"కొత్తదే అనుకో. ఒక్కసారి చార్జింగు పెడితే పట్నం వెళ్ళి రావచ్చు. ఏం, నా మాట మీద నమ్మకం లేదా?" అని రాజుగారు మీసం దువ్వారు.

"అయ్యో, ఎంత మాటండి! కొనేస్తానండి. రేపు మీ వియ్యాలవారు వస్తున్నారని నాకు దండలు చెప్పారు కదండి. వాళ్ళని పట్నం స్టేషను నుంచి ఇందులోనే తీసుకురండి. వాళ్ళు దిగగానే డబ్బిచ్చి తోలుకుపోతాను."

రాజుగారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "వాళ్ళకి టాక్సీ చెప్పానే."

"ఇంత మంచి కారుండగా టాక్సీ ఎందుకండి?"

"సగం దారిలో ఆగిపోతే మా వియ్యపురాలు నన్ను బతకనిస్తుందా!" అనేశారు రాజుగారు.

మంగతాయి మొహం వెలిగింది.

"అయితే సగం దారి నడుస్తుందన్నమాట! నేను వెళ్ళే సంత అంతకంటే దగ్గరేనండి. ధర కూడా సగానికి దిగితే ఇప్పుడే తీసుకుంటాను."

మర్నాడు వియ్యాలవారు టాక్సీలో దిగారు. వాళ్ళ మెడలో వేసే దండలు మాత్రం కరెంటు కారులో వచ్చాయి.