దసలి పురుగుకు తేనె

విరూపాక్షయ్య వైద్యుడికి ఒక అలవాటుండేది. జబ్బు గురించి అడిగితే గంటసేపైనా విడమరిచి చెప్పేవాడు. బతుకు గురించి అడిగితే మాత్రం జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని బయల్దేరేవాడు.

శిష్యుడు సోమలింగం ఆయన దగ్గర తొమ్మిదేళ్లు చదివాడు. అతని ఊళ్లో వైద్యుడు లేడు. పోయిన వానాకాలం వాంతులూ విరేచనాలతో ముగ్గురు పిల్లలు పోయారు. వచ్చెయ్యమని ఊరివాళ్లు రెండుసార్లు వచ్చి బతిమాలినా, "ఇంకొక్క ఏడాది" అన్నాడు. మూడోసారి కబురు రాగానే గురువునడిగాడు: "ఎంత చదివితే సరిపోతుంది గురువుగారూ? నా చేతిలో ఒక్క ప్రాణం పోయినా తట్టుకోలేను." అందులో అబద్ధం లేదు, పాపం. గురువు చెప్పులేసుకున్నాడు; ఆయన మందుల సంచీ శిష్యుడు భుజాన వేసుకున్నాడు.

అది తొలకరి పడిన వారం. అడవిలో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచే జంగుబాయి గుడిసెకు ఇద్దరూ పొద్దున్నే చేరారు. దసలిలో ఆ అడవిలో తప్ప మరెక్కడా మిగలని రకం అది. వేసవంతా గూళ్లలో నిద్రపోయిన పురుగులు అరచేయంత రెక్కలతో బయటికొచ్చి ఉన్నాయి. చాప వేసి, జంగుబాయి మంచినీళ్లకు వెళ్లింది.

ఒక ఆడపురుగు కదలకుండా, నీరసంగా కనిపించింది. వైద్యం నేర్చిన చెయ్యి ఊరుకుంటుందా? సోమలింగం మందుల్లో కలపడానికి తెచ్చుకున్న తేనె తీసి, గడ్డిపరకతో దాని మొహానికి అందించాడు. అది ముట్టలేదు. ఇంకో చుక్క వేశాడు. తేనె కాళ్లకంటుకుని పురుగు గిలగిలా కొట్టుకుంది.

జంగుబాయి పరుగెత్తుకొచ్చింది. "ఏం పని జేసినవయ్యా! దానికి నోరేది తాగనీకి? తినుడంతా గొంగళిపురుగై చెట్టు మీదున్నప్పుడే అయిపాయె. గిప్పుడున్న నాలుగొద్దులు గుడ్లు పెట్టుడే దాని పని."

"అప్పుడు తిన్నది చాలుతుందా?" అన్నాడు సోమలింగం.

తడిగుడ్డతో పురుగు కాళ్లు తుడుస్తూ ఆమె అంది: "చాలుతదో లేదో నాకేమెరుక? ఇంకో ఆకు, ఇంకో ఆకని చెట్టు మీదనే కూసుంటే గుడ్లెవలు పెడ్తరు? వచ్చే యేటికి పురుగు యాడినుంచొస్తది?"

సోమలింగం మధ్యాహ్నం దాకా ఆ పురుగు పక్కనే కూర్చున్నాడు. అది తేరుకుని మెల్లగా పాకాక గానీ లేవలేదు. తిరిగొస్తూ దారి చీలే చోట ఆగి, భయంభయంగా అడిగాడు: "అయితే నేను చదివింది సరిపోతుందా గురువుగారూ?"

"సరిపోదు. నాకూ సరిపోలేదు," అన్నాడు విరూపాక్షయ్య. "నా సంచీ ఇటివ్వు. మీ ఊరి దారి అటు."