గుమాస్తా ఉన్నన్నాళ్ళ కూతురు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో భూషయ్యగారని ఒక కామందు, ఆయనింట్లో నూకాలని ఒక పనిపిల్ల. పొద్దున్నే కళ్ళాపి చల్లేది, వడ్లు దంచేది, అంట్లు తోమేది, మళ్ళీ వడ్లు దంచేది. ఏట్లో పడవ నడిపే గౌరీసంటే దానికి ప్రాణం. అతని పాట వినపడితే రోకలి గాల్లోనే ఆగిపోయేదనుకోండి! గౌరీసు వచ్చి పెళ్ళాడతానని అడిగితే, పనిపిల్లని పంపేది లేదు పొమ్మన్నాడు భూషయ్యగారు. ఆయన మాట కాదని గడప దాటడానికి లేదు, ఆ రోజులు అలాంటివి. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఇంతలో రాజుగారికి ఏం బుద్ధి పుట్టిందో, ఇంట్లో పనివాళ్ళుంటే తలకింత పన్ను కట్టాలన్నాడు. రాసుకోడానికి గుమాస్తా వచ్చి చావిట్లో మకాం పెట్టాడు. అంతే! ఊళ్ళో పనివాళ్ళంతా మాయం. వంటావిడ మేనత్తయింది, పాలేరు బావమరిదయ్యాడు, గొడ్ల తాత పెదనాన్నయ్యాడు. మరి నూకాలో? భూషయ్యగారు దాని నెత్తిన చెయ్యేసి, ఇది మా కూతురండీ అన్నాడు. గుమాస్తా అలాగే రాసుకున్నాడు.

పాపం, నూకాలుకి బుర్ర తిరిగిపోయింది. గుమాస్తా వీధిలో కనపడితే చాలు, భూషయ్యగారి భార్య మంగతాయారు "రామ్మా, అన్నం తిందువుగాని" అని పీట వేసేది. అతను మలుపు తిరగ్గానే "లేవ్వే, అంట్లెవరు తోముతారు?" అనేది. లేచేది. అతను వెనక్కొస్తే కూర్చునేది. లేచి కూర్చుని, కూర్చుని లేచి, ముద్ద చేతిలోనే ఎండిపోయేది. నవ్వకండర్రా, మీకైతే తెలిసేది!

నీళ్ళకెళ్ళి గౌరీసుతో అంది: "నేనెవర్నో నాకే తెలీడం లేదయ్యా. కూతుర్నంట. పోనీ, కూతుర్ని అడిగినట్టే అడిగి చూడు."

మర్నాడు గుమాస్తా భూషయ్యగారి అరుగు మీద మజ్జిగ తాగుతున్నాడు. గౌరీసు తాంబూలం పళ్ళెంతో వచ్చి, మీ అమ్మాయినివ్వండి మావగారూ అన్నాడు.

"మళ్ళీ వచ్చావురా! పంపేది లేదని చెప్పలేదూ?" అని లేచాడు భూషయ్యగారు.

తలుపు చాటు నుంచి నూకాలు బయటికొచ్చింది. దానికి నిజంగానే అర్థం కాలేదు మరి.

"కూతుర్నైతే పెళ్ళి చేస్తారు, పనిపిల్లనైతే ఉంచుకుంటారు. నేనేదో చెప్పండి నాన్నా."

గుమాస్తా మజ్జిగ పక్కన పెట్టి గంటం తీశాడు. భూషయ్యగారు గంటం వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, "కూర్చో అల్లుడూ" అన్నాడు.

పెళ్ళంటే ఉత్తినే అవుతుందా? పిల్ల తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడగాలి. వంగలేక వంగి, పడవవాడి కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగాడు భూషయ్యగారు! ఊరు ఊరంతా విరగబడి చూసింది. అక్కడ రాజుగారేమో లెక్క చదివించుకుని, ఒక్క పనివాడూ లేని ఊరా, అందరూ చుట్టాలేనా అని తెల్లబోయి, మురిసిపోయి, పన్నే ఎత్తేశాడట.

నూకాలు పడవెక్కే వేళకి గుమాస్తా ఊరు దాటేశాడు. చూసేవాళ్ళెవరూ లేరు. అయినా మంగతాయారు దాన్ని పట్టుకుని భోరుమంది. కూతురు పోతున్నందుకో, అంట్లు మిగిలినందుకో నూకాలుకి తెలీలేదు. ఏమో, ఆవిడకీ తెలీలేదేమో! నూకాలు మటుకు ఆవిడ కళ్ళు తుడిచి, అమ్మా వెళ్ళొస్తానంది.

అంచేత తల్లుల్లారా, ఎవరినైనా నోటితో కూతురా అంటే చేతల్లో కూడా కూతురనిపించాలి. కథేమో కంచి బండెక్కేసింది. మనమేమో ఇంట్లోనే ఉన్నాం. పడుకోండిక.